తాత పేరు గలవాడి నాలుక

మధుర,
రౌద్రి సంవత్సరం, వైకాసి నెల 20

చిరంజీవి తంబి చెల్లప్పకు మీ అక్క వెంకటమ్మాళ్ దీవించి రాసేది.

మేం క్షేమం, మీ బావ దగ్గు తప్ప. పసుపు కొట్టు నడిపే మనిషికి దగ్గు రాక సంగీతం వస్తుందా అని నేను ఊరుకున్నాను.

మొన్న ఆండిపట్టి నుంచి మన మేనమామ వచ్చాడు. ఎనభై ఏళ్ళు మీద పడ్డా మురుకులు పటపట నములుతున్నాడు. పళ్ళెం ఖాళీ చేశాక అసలు సంగతి బయటపెట్టాడు. నువ్వు పెద్దనాయన కొడుకు నల్లసామి మీద కోయంబత్తూరు మునసబు కోర్టులో వ్యాజ్యం వేశావట! తాత తవ్వించిన బావి మొత్తం నీదేనని రాసిచ్చావట! విని నాకు తల తిరిగిపోయింది.

ఒరే, తాత పోయేటప్పుడు నువ్వు ఉయ్యాల తొట్టెలో ఉన్నావు. నేను ఆయన మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. "బావి ఇద్దరు మనవళ్ళకూ" అన్నాడు. ఈ చెవులతో విన్నాను. ఇద్దరికీ ఆయన పేరే కదరా పెట్టారు. మామగారి పేరు నోట పలకకూడదని అమ్మ నిన్ను చెల్లప్పా అని పిలిచింది గాని, బియ్యంలో రాసిన పేరు నల్లసామే. ఊరు కూడా అమ్మ పిలుపే పట్టుకుంది. ఒక నల్లసామి మీద ఇంకో నల్లసామి దావా వేశాడని పైనుంచి తాత చూస్తే ఏమనుకుంటాడు? వ్యాజ్యం వెనక్కి తీసుకో. మరదలికీ పిల్లలకూ నా ఆశీస్సులు.

నీ మేలు కోరే అక్క,
వెంకటమ్మాళ్


కరిసల్‌పట్టి, పొల్లాచ్చి తాలూకా,
ఆని నెల 4

తల్లి తరవాత తల్లిలాంటి అక్కకు తమ్ముడు చెల్లప్ప దండం పెట్టి రాసుకునేది.

నీ ఉత్తరం చదివి నా భార్య రాజామణి రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆ మేరకు నీకు కృతజ్ఞుణ్ణి.

అక్కా, నా వైపు కూడా విను. నా వంతు రోజున వాడు మోట ఆపలేదు. ఎండాకాలం, నల్లరేగడి నేల బీటలు వారి ఉంది, నా మిరపనారు నా కళ్ళముందే వాడిపోయింది. నేను ఒక్క మాట అన్నాను. వాడు నలభై అన్నాడు. వాడి నోరు నీకు తెలియనిదా? వాడు కథ ఎత్తుకుంటే మోట ఎద్దులు కూడా ఆగి వింటాయి. రేపు కోర్టులో నేను గొంతు సవరించుకునేలోపు వాడు మునసబును నవ్వించి, ఏడిపించి, ఇంటికి భోజనానికి కూడా పిలిచేస్తాడు. నీళ్ళు పోతే నేను ఈ భూమిలో ఏం పండించాలి? మట్టిబెడ్డలా?

అందుకని కోయంబత్తూరు పేటలో చిదంబర జోస్యుల్ని ఆశ్రయించాను. దేవీ ఉపాసకుడు. ఆయన ఒకటి చేయమన్నారు. ఏమిటో చెప్పకూడదు, ఎందుకో చెప్పకూడదు, పేరు కాగితం మీద పెట్టనే కూడదు. పెడితే ఫలితం కారిపోతుందట. నాకు జాతకమంటూ లేదని నీకు తెలుసు. నా తాటాకు చిన్నప్పుడే చెదలు తినేసింది. గుళ్ళో నక్షత్రం అడిగితే స్వామి పేరుకే అర్చన చేయించి వచ్చేవాణ్ణి. అటువంటి నేను ఇవాళ నక్షత్రం కోసం నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. తాత పేరు పెట్టుకున్నవాడి జన్మనక్షత్రం ఏమిటో రాసి పంపు. మన ఇంట్లో పుట్టుకలన్నీ చూసినదానివి నువ్వొక్కతెవే మిగిలావు.

కొట్టులోంచి మంచి పసుపు కొమ్ములు ఒక బుట్టెడు పంపమని బావతో చెప్పు. జపమాలకు కావాలి.

నీ తమ్ముడు,
చెల్లప్ప


మధుర,
ఆని నెల 15

చిరంజీవి తంబికి అక్క దీవెనలు.

ఉత్తరం చదివి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. నక్షత్రం అడగాలని ఇన్నాళ్ళకు బుద్ధి పుట్టింది! అడగడానికి కూడా ఇంత సిగ్గా? పేరు రాయలేక తాత పేరు పెట్టుకున్నవాడు అంటూ చుట్టు తిరిగి వచ్చావు. పోనీలే, నాకు అర్థమయింది.

రోహిణి. ఏ సందేహమూ వద్దు. కృష్ణుడి నక్షత్రం, మేనమామకు గండమని ఇంట్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు, బయట చెప్పవద్దని నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. ఆ భయం తీరిపోయి చాలా ఏళ్ళయింది కాబట్టి చెబుతున్నాను.

పసుపు పంపుతున్నాను. మీ బావ కొమ్ము కొమ్మునూ ఏరి, ముద్దు పెట్టుకోవడం ఒక్కటే తక్కువగా బుట్టలో సర్దాడు. ఏ దేవికో అది మాత్రం రాయి. దేవి పేరు రాస్తే ఫలితం కారిపోదులే.

అక్క


కరిసల్‌పట్టి,
ఆడి నెల 2

అక్కకు తమ్ముడి దండాలు.

పసుపు అందింది, నక్షత్రమూ అందింది. రోహిణి అనగానే చిదంబర జోస్యులు పీట మీంచి లేచారు. వృషభ రాశి, శని సింహంలో అడుగుపెట్టాడు, అంటే అర్ధాష్టమ శని, ఇంతకంటే మంచి అదను నీ జన్మలో దొరకదు నాయుడూ అన్నారు. వాక్‌స్థానం కూడా చూసి చిటికె వేశారు. ఆ చిటికె విన్నాక గాని నాకు ధైర్యం రాలేదు.

దేవి బగళాముఖి. పది మహావిద్యల్లో ఒకతె. అమృతసముద్రం నడుమ బంగారు పీఠం మీద కూర్చుంటుంది. ఒంటి రంగు పసుపు, చీర పసుపు, పూలు పసుపు. ఎడమ చేత్తో రాక్షసుడి నాలుక పట్టి లాగుతుంది, కుడి చేత్తో గద ఎత్తుతుంది. ఆమె పట్టుకుంటే ఆ నాలుక ఇక కదలదు. దాన్ని స్తంభన అంటారు. నేనూ పసుపు పంచె, పసుపు తుండు కట్టి, పసుపు కొమ్ముల మాలతో ఒక మండలం జపం పట్టాను. ఒంటికి పసుపే, అన్నంలో పసుపే, అదీ ఒక్క పూట. రాగిరేకు మీద త్రికోణం, షట్కోణం, ఎనిమిది రేకుల పద్మం గీయించి, నడుమ ఆ పేరూ ఆ నక్షత్రమూ రాయించాను. మంత్రం మాత్రం అడగకు.

రోజంతా మౌనం. రాజామణి మొదటి రోజు సంతోషించింది. ఇప్పుడు గోడతో మాట్లాడుతోంది.

చెల్లప్ప


మధుర,
ఆడి నెల 14

నా బంగారు తంబికి అక్క వేయి దీవెనలు.

ఇంత మంచి పని మన వంశంలో ఎవరూ చెయ్యలేదురా! ఆ నాలుక ఎన్ని కొంపలకు నిప్పు పెట్టిందో నాకు తెలియదా? మన పెళ్ళిళ్ళలో విస్తళ్ళ ముందు నుంచి ఎంతమంది లేచిపోయారు దాని మూలంగా? అమ్మవారు దాన్ని పట్టుకుంటే నీకూ మంచిది, ఊరికీ మంచిది. కోర్టుకు వెళ్ళే ముందు ఈ ఆలోచన వచ్చిందంటే నీ మీద నాకు ఆశ కలిగింది.

మా వీధిలో కన్నమ్మాళ్ అని దేవీపూజ చేసే ముసలావిడ ఉంది. నీ బగళాముఖి గురించి అడిగాను. "గద ఎత్తింది గాని దించలేదు, చూశావా?" అంది. "కొట్టే ఉద్దేశం ఉంటే ఎప్పుడో కొట్టేది. కదలకుండా ఉంటే చాలు, గద అవసరమే రాదు, అది వట్టి బెదిరింపు" అంది. నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. పొద్దున్నే నిన్ను మోకాళ్ళ మధ్య ఇరికించి, ఒక చేత్తో నీ నాలుక పట్టుకుని, ఇంకో చేత్తో తాటాకు చీలిక ఎత్తి పాచి గీకేది కదా. నువ్వు రాక్షసుడిలాగే అరిచేవాడివి. ఆ రూపమే ఇది. నాకు ఆ దేవి మీద భయం పోయి ప్రేమ పుట్టింది.

ఇంకో సంతోషం. నల్లసామి మా కొట్టుకు జీలకర్ర కొనడానికి వచ్చే మనిషి చేత నీ నక్షత్రం అడిగించాడు. తంబి కోసం కావాలి అన్నాడట, అంతే. నేను ఎందుకని కూడా అడగకుండా రాసిచ్చాను. వ్యాజ్యం నడుస్తున్నా వాడికి నీ మీద ప్రేమ చావలేదు.

అక్క


కరిసల్‌పట్టి,
ఆవణి నెల 1

అక్కకు.

నువ్వు నా పక్షాన ఉన్నావని మురిసిపోయి ఉత్తరం సగం చదివాను. మిగతా సగం చదివి కూలబడ్డాను.

ప్రేమా? వాడికి నా నక్షత్రం ఎందుకే? నేను వాడికి చేసేది వాడు నాకు చెయ్యడానికి! పంగాళి చేతికి, దాయాది చేతికి జన్మనక్షత్రం ఇవ్వడమంటే తాళంచెవి ఇవ్వడమే. జోస్యులు కూడా మొహం చిన్నబుచ్చుకున్నారు. ఈ మధ్య వాడు గట్టు మీద నిలబడి నన్నే చూస్తూ తల ఆడిస్తున్నాడు. ఇప్పుడు అర్థమయింది.

నా నక్షత్రం నాకే తెలియదు, వాడికి తెలుసు! అదేమిటో వెంటనే నాకూ రాయి, విరుగుడు చేయిస్తాను. అంతవరకూ వాడి నాలుక మీద జపం రెట్టింపు చేశాను, ఒక్క పూట అన్నం కూడా మానేసి పాలతో సరిపెట్టుకుంటున్నాను. వాయిదా వచ్చే సోమవారమే.

కోపంతో,
చెల్లప్ప


మధుర,
ఆవణి నెల 7

ఒరే చెల్లప్పా,

దీవెనలు చివర పెడతాను, ముందు ఇది చదువు. నీ నక్షత్రం మళ్ళీ రాసేదేమిటి? ఆని నెలలో రాశాను కదా, రోహిణి అని!

నువ్వు అడిగింది నీది కాదా? తాత పేరు పెట్టుకున్నవాడు అన్నావు. నాకు నువ్వే. తాటాకు చెదలు తిన్నది నీది. నక్షత్రం లేక స్వామి పేరుకు అర్చన చేయించుకునేది నువ్వు. ఇంకెవరి గురించి అనుకుంటాను? నీ నోరు నువ్వే కట్టుకుంటున్నావని నేను కన్నమ్మాళ్‌కు కూడా గొప్పగా చెప్పుకున్నాను! మేనమామకు గండమన్నది ఆండిపట్టి మామ గురించి, మురుకులు నమిలే ఆయనే.

రాగిరేకు మీద "నల్లసామి, రోహిణి" అని రాయించావా? అయితే అది నువ్వే నాయనా. నీ నాలుకే. రెట్టింపు కూడా చేశావు.

జపం ఆపు. పాలు చాలు, అన్నం తిను. ఆ రేకు తీసి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి క్షమించమని అడుగు. ఈ ఉత్తరం సోమవారం లోపల అందాలని మీనాక్షమ్మకు మొక్కుకున్నాను.

దీవెనలతో, భయంతో,
అక్క


కరిసల్‌పట్టి,
ఆవణి నెల 14

అక్కకు తమ్ముడు తల వంచుకుని రాసేది.

నీ ఉత్తరం మంగళవారం అందింది.

సోమవారం సంగతి చెబుతాను. కోర్టులో బోనెక్కించి ప్రమాణం చేయించారు. మునసబుగారు అడిగారు, "ఈ బావి మీ తాత ఎవరికిచ్చాడు?" అని. నాకే ఇచ్చాడని చెప్పాలి, వకీలు బండిలో దారి పొడుగునా చెప్పించాడు. నోరు తెరిచాను. నాలుక అంగిటికి అతుక్కుంది. ఎంత ఊపినా రాలేదు. ఆ క్షణంలో నాకు అమ్మ మోకాళ్ళ మధ్య ఉన్నట్టే అనిపించింది అక్కా. చెమటలు పోశాయి, చెమటతో పసుపు కారి చొక్కా మరకలైంది. మునసబుగారు "చెప్పవయ్యా" అంటారు, నేను గుటకలు మింగుతాను. వకీలు తల పట్టుకున్నాడు.

అప్పుడు అవతల పక్క నుంచి నల్లసామి అన్న లేచాడు. ఒక్క పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఏమిడా, నీళ్ళు తాగుతావా?" అని, మునసబు వైపు తిరిగి, "దొరా, వీడికి కామాలె, పచ్చకామెర్లు ముదిరాయి. చూడండి ఆ కళ్ళు, ఆ ఒళ్ళు! నెలన్నరగా చూస్తా ఉన్నాను, అన్నం లేదు, మాట లేదు, రోజురోజుకీ పచ్చబడి పోతున్నాడు. నాతో పోట్లాడి మనేద పెట్టుకున్నాడు. బావి మొత్తం వీడికే రాసెయ్యండి. ముందు మనిషి దక్కనీ, నీళ్ళ మాట తరవాత" అన్నాడు. అని అందరి ముందూ ఏడ్చాడు. వాడి నాలుకను ఎవరూ కట్టలేదు కదా, ఎంత బాగా మాట్లాడిందో నీకు చెప్పలేను.

రాజీపత్రం రాశారు. బావి నాదయింది.

నా జబ్బు తగ్గాలని చేయించే అర్చన కోసమే నీ దగ్గర నా నక్షత్రం అడిగించాడట. నేను గెలిచాను గాని ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. పొద్దున్నే కీళానెల్లి, అదే నేల ఉసిరి, ఆకు నూరి మజ్జిగలో కలిపి తనే తెచ్చి, గుటక గుటకకూ నిలబడి తాగిస్తున్నాడు. కామెర్లకు మందు. వేపాకు దీని ముందు బెల్లం. ఈ చేదు భరించలేకపోతున్నాను, నిజం చెప్పలేకపోతున్నాను. అతని మోట ఒడ్డున ఊరికే పడి ఉంది. అతని జొన్నచేను ఎండుతోంది. నేను ఏం చెయ్యను?

చెల్లప్ప


మధుర,
పురట్టాసి నెల 1

చెల్లప్పా,

ఏం చేస్తావా? నాలుక వచ్చిందిగా, నడిచి వెళ్ళి దానితోనే చెప్పు. ఉత్తరం రాయకు, రాజామణిని పంపకు, జోస్యుల దగ్గర ముహూర్తం అడగకు. ఈ ఉత్తరం మడిచేలోపు బయల్దేరు.

నాకు ఒక్క తమ్ముడు కాదురా, ఇద్దరు. మీ ఇద్దర్నీ చంకన వేసుకుని తిరిగిన దాన్ని. ఒకణ్ణి ఎండబెట్టి ఇంకొకడు పంట పండించుకుంటే ఆ మిరపకాయలు నా ఇంటికి పంపకు, నేను వండను.

అక్క


కరిసల్‌పట్టి,
పురట్టాసి నెల 12

అక్కకు దండాలు.

వెళ్ళాను. అన్న మందు గిన్నె తీసుకుని ఎదురొస్తుంటే బావి దగ్గరే కలిశాడు. అంతా చెప్పాను. జోస్యులు, పసుపు, రాగిరేకు, నీ రోహిణి. చెప్పేటప్పుడు అతని మొహం చూడలేక మోటతాడు చూస్తూ చెప్పాను.

మొదట నవ్వాడు. గిన్నె కింద పెట్టి, గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "మండలం పొడుగునా నీ నోటికి నువ్వే తాళం వేసుకున్నావా! తాళం మీద తాళమా!" అని మళ్ళీ నవ్వాడు. పొలాల్లో వాళ్ళంతా పని ఆపి చూశారు. తరవాత ఉన్నట్టుండి ఆపేశాడు. "అయితే నా నోరు కట్టాలనే కదా అనుకున్నావు" అన్నాడు. నేను తల ఊపాను. "నోరు మూసుకో అన్నా అని ఒక్కసారి అడిగుంటే మూసుకునేవాణ్ణి కదరా" అన్నాడు. అక్కా, అమ్మ పోయిన రోజున కూడా నేను అంత ఏడవలేదు.

ఇద్దరం కోయంబత్తూరు వెళ్ళి వంతులు మళ్ళీ రాయించుకు వచ్చాం, తాత చెప్పినట్టే. రేకు అమ్మవారి పాదాల దగ్గర పెట్టాను. కామెర్లు లేవని తేలినా కీళానెల్లి మాత్రం ఆగలేదు. "ఇది కాలేయానికి కాదు, నాలుకకు" అని రోజూ పట్టిస్తున్నాడు. నాకు తగినదే, తాగుతున్నాను. ఎక్కువ మాట్లాడుతున్నావు అన్నా అని నేను అంటే మాత్రం ఠక్కున నోరు మూసుకుంటాడు. నవ్వు బుగ్గల్లో దాచుకుంటాడు.

మొన్న పురట్టాసి శనివారం. నా కామెర్లు తగ్గాలని మొక్కుకున్న అర్చన తీర్చాలని పెరుమాళ్ గుడికి లాక్కుపోయాడు. లేని రోగానికి మొక్కేమిటి అన్నాను. మొక్కు మొక్కే అన్నాడు. అయ్యంగారు పళ్ళెం అందుకుని పేరు, నక్షత్రం అడిగారు. ఎప్పటి అలవాటో, స్వామి పేరుకే చెయ్యండి అనబోయాను. నాకంటే ముందే అన్న "నల్లసామి, రోహిణి నక్షత్రం" అన్నాడు.

"అది నీ పేరు కదయ్యా" అన్నారు అయ్యంగారు.

"వీడిదీ అదే. మా తాతది. ముందు వీడికి చెయ్యండి, నాకు తరవాత" అన్నాడు అన్న.

అయ్యంగారు ఆ పేరు చదివి తులసి వేశారు. దేవుడి ముందు నా పేరు వినడం ఇదే మొదలు. అన్నకు ఏదో చెప్పాలని నోరు తెరిచాను, మాట పెగల్లేదు. ఈసారి ఎవరూ కట్టలేదక్కా.

నీ తమ్ముడు,
నల్లసామి